పేను లేని పేనుకొరుకుడు

తలలో రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడిపోయి చర్మం నున్నగా బయటపడితే మా వైపు దాన్ని పేనుకొరుకుడు అంటారు. ఈ మాట పుట్టించిన వాళ్ళు దొరికితే నిలబెట్టి కడిగెయ్యాలని ఉంటుంది నాకు. పేను కొరికితే దురద పుడుతుంది గానీ జుట్టు ఊడదు. ఏ పేనూ గుండ్రంగా గీత గీసుకుని వెంట్రుకలు కోస్తూ కూర్చోదు. ఒకప్పుడు బడిలో సైన్సు చెప్పినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. అయినా పోయిన ఏడాది నా ఎడమ చెవి వెనక అలాంటి మచ్చ కనబడగానే మా ఇంటికి వచ్చిపోయే జనమంతా ఒక్క గొంతుతో ఆ మాటే తేల్చేశారు. మనవాళ్ళకి పేరు దొరికితే చాలు, జబ్బేమిటో తెలిసిపోయినట్టే.

మా ఆయనకు నరసరావుపేటలో విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. దానికి తోడు రాజకీయం. ఇంతవరకూ పదవి ఏదీ రాలేదు. వస్తుందన్న ఆశ మాత్రం ఉంది, ఆ ఆశ చుట్టూ రోజంతా జనం ఉంటారు. పొద్దున పాలు కాగకముందే హాల్లో కుర్చీలు నిండుతాయి. గురజాల నుంచి ఒకరు, మాచర్ల నుంచి ఇద్దరు, వాళ్ళ వెనక వచ్చినవాళ్ళు నలుగురు. టీవీలో చర్చలు అరుస్తుంటాయి, ఫోన్లన్నీ స్పీకర్ మీదే ఉంటాయి. వచ్చిన వాళ్ళకు టీ ఇచ్చే మనిషి ఇంట్లో లేకపోతే ఏం బాగుంటుందని నా చేత బడి మాన్పించారు. మాన్పించారని నేను అంటాను. మానేసిందని మా ఆయన అంటాడు.

చర్మం డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్ళాడు. డాక్టరు మచ్చ చూసి, "టెన్షన్స్ ఏమన్నా ఉన్నాయామ్మా?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు.

"దానికి టెన్షనేంది సార్? ఇంట్లో కూర్చోబెట్టి తిండి పెడతన్నాం గదా!"

డాక్టరు నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. ఇద్దరూ అలా నవ్వుకున్నాక డాక్టరు ఒక ఆయింట్‌మెంట్ రాసిచ్చాడు. దారి పొడుగునా నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా ఆయన లెక్కలో టెన్షన్ లేకపోవడమే అయింది.

ఆ సాయంత్రమే మా వదిన, అంటే మా ఆయన అక్క, పక్క వీధి నుంచి గురివింద గింజలు పట్టుకుని వచ్చింది. ఆ ఎర్రటి గింజ పప్పు నూరి మచ్చ మీద రుద్దితే పేనుకొరుకుడు పోతుందని మా వైపు గట్టి నమ్మకం. అది విషమని చెప్పాను. "మా అమ్మ రుద్దింది, మా అమ్మమ్మ రుద్దింది, మేం సచ్చామా? గమ్మున కూర్చోవే" అని నా మెడ వంచి రుద్దేసింది. తెల్లారేసరికి మచ్చ చుట్టూ బొబ్బలెక్కింది. మందు పని చేస్తోందని ఆవిడ సంబరపడింది.

ఇదంతా నా తల సంగతి. ఇంతవరకూ కోపాన్ని మింగాను. మింగడం మాకు అలవాటే. నా కోపం బయటపడింది ఎలుకల దగ్గర.

మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. దాని పుట్టినరోజుకి, పిడుగురాళ్లలో సున్నం బట్టీ ఉన్న ఒకతను హైదరాబాద్ నుంచి పంజరంతో సహా రెండు జెర్బిల్స్ తెచ్చాడు. మా ఆయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలుస్తూ ఎప్పుడూ మా ఇంట్లోనే ఉండే మనిషి. జెర్బిల్ అంటే ఎడారి ప్రాంతపు చిన్న ఎలుక. తేనెరంగు ఒళ్ళు, నల్లటి పెద్ద కళ్ళు, చివర కుచ్చు ఉన్న పొడుగాటి తోక. కుక్కపిల్ల ఇస్తే అరుస్తుందట, పిల్లినిస్తే అపశకునమట, అందుకని వీటిని తెచ్చాడు. "ఇయ్యి రెండూ నోర్లేని జీవాలు వదినా, మీకేం ఇబ్బందుండదు" అన్నాడు. నోరు లేకపోవడమే అర్హత!

అమ్మాయి వాటికి పేర్లు పెట్టలేదు. పెద్దది, చిన్నది అనేది. దాని గదిలో పెట్టుకుంటానంది. మా ఆయన ఒప్పుకోలేదు. హైదరాబాద్ ఎలుకలు నలుగురికీ కనబడాలిగా! హాల్లో టీవీ పక్కన, కూలర్‌కి ఎదురుగా స్టూలు వేసి దాని మీద పంజరం పెట్టించాడు.

ఇక చూడాలి ఆ వైభోగం. వచ్చిన ప్రతివాడూ పంజరాన్ని వేలితో టకటకా కొట్టేవాడు. తాళంచెవితో ఊచల మీద గీసేవాడు. ఒకడు మిక్చర్ పోస్తే ఒకడు టీలో ముంచిన బిస్కట్ దూర్చేవాడు. ఒక పెద్దమనిషి చుట్ట పొగ ఊది ఏం చేస్తాయో చూశాడు. పొలాల్లో ఎలుకలకు మందు పెట్టేవాళ్ళు ఇంట్లో ఎలుకను పెంచుతున్నారని అందరిదీ ఒకటే జోకు. అదే జోకు కొత్తగా వచ్చినవాడు మళ్ళీ వేస్తే పాతవాళ్ళు మళ్ళీ నవ్వేవాళ్ళు.

అవి వెనక కాళ్ళతో నేల మీద టపటపా కొట్టేవి. అలా కొట్టగానే అందరూ ఫోన్లు తీసేవాళ్ళు. "అన్నా, డాన్సాడతన్నయ్యి సూడు!" అంటూ సున్నం బట్టీ అతను దానికి తప్పెట్ల పాట జతచేసి వీడియో పెట్టాడు. నాకెందుకో అది డాన్సులా అనిపించలేదు. ఆ కళ్ళలో సంబరం లేదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఫోన్ తీసుకుని జెర్బిల్స్ గురించి చదివాను. అపాయం వచ్చినప్పుడు పారిపొమ్మని తోటివాటికి చెప్పే పద్ధతట అది. పారిపొమ్మని ఒకదానికొకటి చెప్పుకుంటుంటే మనవాళ్ళు దానికి పాట పెట్టి జనానికి చూపించారు! చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయనకు చెప్పాను. "సర్లే, అందరికీ నచ్చింది గదా" అన్నాడు.

కొన్నాళ్ళకు పెద్దదాని ముక్కు మీద బొచ్చు పోయింది. ఊచలు కొరికీ కొరికీ, మూతి రాసీ రాసీ ఎర్రగా కమిలింది. తర్వాత చిన్నదాని వీపు మీద మచ్చ పడింది. నా చెవి వెనక పడ్డట్టే, నున్నగా. అమ్మాయి చూసి ఏడ్చింది. అప్పటిదాకా ఎవరు తెచ్చిన గింజలైనా తినే చిన్నది తిండి మానేసి, పంజరం మూలన వీపు ఊచలకి ఆనించి కూర్చోవడం మొదలుపెట్టింది.

"అమ్మా, చచ్చిపోద్దా?" అని అడిగింది అమ్మాయి.

హాల్లో మాత్రం వైద్యసభ మొదలైంది. పేనుకొరుకుడే అన్నారు అందరూ. "అన్నా, మా బట్టీ సున్నం గుప్పెడు సల్లితే పేను మొత్తం సచ్చుద్ది. మా కోళ్ళకి అట్టానే జేస్తాం" అన్నాడు పిడుగురాళ్ల అతను. మా ఆయనేమో తన షాపులో ఉన్న, మామిడి తోటలకు కొట్టే మందు ఒక చుక్క నీళ్ళలో కలుపుదామా అని ఆలోచించాడు. జెర్బిల్స్‌కి టెన్షన్ ఎక్కువైతే బొచ్చు ఊడుతుందని చదివానని నేను గుమ్మంలో నిలబడి అన్నాను.

హాలంతా గొల్లుమంది.

"ఎలక్కి టెన్షనంట!" అన్నాడు ఒకతను, కళ్ళు తుడుచుకుంటూ.

"దానికి టెన్షనేంది? కూర్చోబెట్టి మేపతన్నాం గదా!" అన్నాడు మా ఆయన.

అదే మాట. డాక్టరు ముందు నా గురించి అన్న మాటే, ఒకటి రెండు పదాలు అటూ ఇటూగా. అన్న మనిషికి ఆ సంగతి గుర్తు కూడా లేదు. చేతిలో టీ ట్రే ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ రోజు హాల్లో ఏం జరిగేదో నాకే తెలియదు. ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ఆర్పి, ఆటో పిలిచాను.

పశువుల ఆసుపత్రికి వెళుతున్నానంటే మా ఆయన కంగారుపడ్డాడు. జనం నవ్వుతారని ఆయన భయం. చివరికి తనే వెంట వచ్చాడు. అక్కడ మాకు ముందు రెండు గేదెలు, కాలు విరిగిన మేక ఉన్నాయి. పంజరం చూసి గేదెల వాళ్ళు కూడా వేళ్ళతో కొట్టబోతే, "చెయ్యి తియ్యండి" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

డాక్టరు నడివయసు మనిషి. "వీటికి నేనెప్పుడూ వైద్యం చెయ్యలేదమ్మా, ఉన్నమాట చెబుతున్నా" అంటూనే చిన్నదాన్ని దోసిట్లోకి మెల్లగా తీసుకున్నాడు. మచ్చ దగ్గర గీరి, గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద చూశాడు. మళ్ళీ మళ్ళీ చూశాడు.

"పేను లేదు. పురుగు లేదు. తామర కూడా కాదు."

"మరి పేనుకొరుకుడు అంటన్నారు గదా సార్?" అన్నాడు మా ఆయన.

"కొరుకుడు నిజమేనండి, పేనే లేదు. మచ్చ అంచున వెంట్రుకలు సగానికి తెగి ఉన్నాయి చూడండి. పక్కనున్నదే కొరుకుతోంది."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పంజరం వైపు చూస్తున్నాడు.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. కోళ్ళఫారాల్లో ఇరుకు ఎక్కువైతే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయట. అలాగని అవి పగవాళ్ళేమీ కాదు. కదలడానికి చోటు, చెయ్యడానికి పని, దాక్కోవడానికి కంత ఉంటే ఏ కోడీ అలా చెయ్యదు. "పెద్దదానికీ మనశ్శాంతి లేదమ్మా. అదే ఊచలు కొరుకుతోంది, అదే దీన్నీ కొరుకుతోంది. ఇంట్లో ఎక్కడ పెట్టారు వీటిని?"

నేను చెప్పాను. టీవీ, కూలర్ తేమ, చుట్ట పొగ, టకటకలు, డాన్సు, అన్నీ చెప్పాను. ఆ పూట నేను చెబుతుంటే మధ్యలో ఎవరూ అందుకోలేదు.

"మందేం లేదు. అలికిడి లేని చోటికి మార్చండి" అన్నాడాయన.

ఇంటికి వచ్చి అలికిడి లేని చోటు కోసం వెతికాను. అమ్మాయి గదికి హాల్లోకే తలుపు, వచ్చినవాళ్ళు చార్జర్లు పెట్టుకునేది అక్కడే. మా పడకగదిలో ఎవరో ఒకరు నడుం వాలుస్తుంటారు. వంటింట్లో మంచినీళ్ళ కోసం, టీ కోసం, ఊరికే పలకరించడం కోసం వచ్చేవాళ్ళు తెగరు. మేడ మీద ఎండ. పంజరం చేత్తో పట్టుకుని నా ఇంట్లో నేనే అన్ని గుమ్మాలూ తిరిగి, చివరికి వంటింట్లో పీట మీద కూలబడ్డాను. ఈ చోటు కోసం నేనూ ఇన్నేళ్ళుగా వెతుకుతున్నానని అప్పుడు తెలిసింది. కాసేపు ఒక్కదాన్నే కూర్చోవాలంటే బాత్రూములో కుళాయి తిప్పుకుని కూర్చునేదాన్ని. అందులోనూ తలుపు కొట్టేవాళ్ళు.

ఒక్క గది మిగిలింది. లోపలి గది అంటాం. ఏసీ, సోఫా, మందపాటి కర్టెన్ ఉన్న గది. "లోపల మాట్లాడుకుందాం రండి" అని మా ఆయన ముఖ్యుల్ని తీసుకెళ్ళి తలుపు వేసుకునే గది. రాజకీయానికి అలికిడి పడదు కాబట్టి దాన్ని ఇంటికి వెనకగా కట్టించాడు.

దాంట్లోకి మార్చుదామంటే ఆయన వినలేదు. "ఎలకల కోసం మీటింగ్ రూమా? మతి ఉండే మాటాడతన్నావా?" అన్నాడు. నేను ఇంకా బతిమాలే దశలోనే ఉన్నాను, పంజరం మళ్ళీ హాల్లోనే ఉంది. ఇంతలో ఆదివారం వచ్చింది.

ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే కింద నుంచి అమ్మాయి అరుపు వినబడింది. పరిగెత్తుకుంటూ దిగాను. వదిన సోఫాలో కూర్చుని చిన్నదాన్ని పిడికిట్లో పట్టుకుని ఉంది. పక్కన సానరాయి, దాని మీద నూరిన గురివింద ముద్ద. పిడుగురాళ్ల అతను ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. వదిన వేలు ముద్దలో ముంచేసరికి చిన్నది బిగుసుకుపోయింది. కాళ్ళు చాచి, ఒళ్ళంతా గజగజా వణికి, కళ్ళు తేలేసింది.

"నటిస్తంది సూడు వదినా" అన్నాడతను నాతో, ఫోన్ దించకుండానే.

నేను వదిన చేతిలోంచి దాన్ని లాక్కున్నాను. వదిన చేతిలోంచి ఏదైనా లాక్కోవడం అదే మొదలు. సానరాయిని కాలితో అవతలికి తోశాను. "ఇది నాకితే చచ్చిపోయేది. మీరు నా తల మీద రుద్దినప్పుడు ఊరుకున్నాను, దీని మీద రుద్దితే ఊరుకోను. లేవండి. అందరూ లేచి ఇళ్ళకు పొండి" అన్నాను.

"ఏందే, నన్నేనా?" అంది వదిన.

"మిమ్మల్నే వదినా. ఆ ఫోన్ పట్టుకున్న మరిదిగారిని కూడా."

కాసేపటికి నా దోసిట్లో దాని వణుకు తగ్గింది. భయం ముదిరితే జెర్బిల్స్‌కి అలా ఫిట్స్ వస్తాయని చదివే ఉన్నాను. అమ్మాయి నా మోచేయి పట్టుకుని నిలబడింది. నేను సరాసరి లోపలి గదిలోకి నడిచాను.

మేడ మెట్ల కింద ఖాళీగా పడి ఉన్న పెద్ద చేపల తొట్టి తెచ్చి పెట్టాం. దాక్కోవడానికి మా ఆయన షాపు నుంచి రెండు అట్టపెట్టెలు తెప్పించాం గానీ, పురుగుమందు వాసన చూసి వెనక్కి పంపి, నోట్‌పుస్తకాల షాపులో అడిగి తెచ్చుకున్నాం. ఇసుక జల్లించి ఎండబెట్టి ఒక మూల పోశాం, పొర్లడానికి. చించుకోవడానికి కాగితాలు కావాలి. అటక మీద పోయిన ఎన్నికల కరపత్రాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. రంగులు లేనివి ఏరి వేశాం. అందులోకి దింపగానే పెద్దది ముక్కుతో వాసన చూసి, చేతులు జోడించి నవ్వుతున్న మా ఆయన బొమ్మను అంచు నుంచి చీల్చడం మొదలుపెట్టింది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఆ సాయంత్రం మా ఆయన మాచర్ల నుంచి ముఖ్యమైన మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "లోపల మాట్లాడుకుందాం రండి" అన్న మాట వినబడింది. తర్వాత గొళ్ళెం లాగిన చప్పుడు, తలుపు తోసిన చప్పుడు. తాళం నేనే వేశాను. తాళంచెవి నా బొడ్లో ఉంది.

వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి, "ఏమే, ఏంది ఇది? తాళం తియ్యి. పెద్దోళ్ళొచ్చారు. మేం యాడ కూర్చోవాలి?" అన్నాడు.

"హాల్లో కూర్చోండి."

"హాల్లోనా? ఆ గోలలో, అందరి ముందరా? ఎట్టా మాటాడుకునేది?"

"మీకేం టెన్షనండీ? కూర్చోబెట్టి టీలు పోస్తున్నాను గదా!" అన్నాను.

ఆయన మొహంలో ఏదో కదిలింది. ఆ మాట ఎక్కడో విన్నట్టు, ఎక్కడ విన్నాడో గుర్తుకు రానట్టు. హాల్లోకి వెళ్ళిపోయాడు. ఆ పూట టీ ఆయనే కాచి తీసుకెళ్ళి ఇచ్చాడు. పంచదార వెయ్యడం మరిచిపోయాడట, తర్వాత అమ్మాయి చెప్పింది.

వదిన చాలా రోజులు మా గడప తొక్కలేదు. ఎలుక కోసం ఆడబిడ్డను వెళ్ళగొట్టిన కోడలినని వీధిలో పేరొచ్చింది. రానీ. పేనుకొరుకుడు కంటే ఇది నిజమైన పేరే.

జెర్బిల్స్ మాత్రం కరపత్రాలన్నీ పీచు చేసి కింద సొరంగం తవ్వుకున్నాయి. ముందు చిన్నది తిండి ముట్టింది. తర్వాత వీపు మీద లేత బొచ్చు నూగులా మొలిచింది. పెద్దదానికి కొరకడానికి ఊచలే లేవు కాబట్టి దాని ముక్కూ మానింది. మధ్యాహ్నాలు నేను ఆ గదిలో తలుపేసుకుని, పాత సైన్సు పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. అవి కాళ్ళతో నేల కొట్టిన చప్పుడు మళ్ళీ వినలేదు.

వాటికి బొచ్చు వచ్చింది గానీ నాకు రాలేదు. పైగా పాత మచ్చ పక్కన కొత్తది పడింది. మా ఆయనే చూసి, చర్మం డాక్టరు దగ్గరికి పోదాం పదమన్నాడు. అదే ఆసుపత్రి, అదే డాక్టరు, అవే రెండు కుర్చీలు. డాక్టరు లైటు వేసి నా తల వంచి చూసి, కాగితం ముందుకు లాక్కున్నాడు.

"టెన్షన్స్ ఏమన్నా ఉన్నాయామ్మా?"

పక్క కుర్చీలో మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నాను ఆయనతో. "అడిగింది నన్ను."

మా ఆయన డాక్టరు వైపు చూశాడు. డాక్టరు ఈసారి నవ్వలేదు. మా ఆయన లేచి వెళ్ళి, బయట నుంచి తలుపు దగ్గరగా వేశాడు. నేను కుర్చీ ముందుకు జరుపుకుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.